లెక్క ఎవరి చేతికి వచ్చింది?

మా కడప వైపు డబ్బును 'లెక్క' అంటాం. "లెక్క ఇచ్చినాడా?" అంటే పైకం చెల్లించాడా అని అర్థం. కోస్తా జిల్లాల నుంచి మా సింహాద్రిపురానికి కోడలుగా వచ్చిన పిల్ల ఎవరైనా సరే, మొదటి వారం ఈ మాటకు తికమకపడక తప్పదు. అత్తగారు "లెక్క యాడ పెట్టినావమ్మీ?" అని అడిగితే ఆ పిల్ల పాలవాడి చీటీ తెచ్చి చేతికిస్తుంది.

ఆ లెక్క ఇప్పుడు కంటికి కనబడకుండా తిరుగుతోంది. టీ అంగడి దగ్గర, చీనీకాయల బండి దగ్గర, చివరికి గాజుల మలారం దగ్గర కూడా నలుపూ తెలుపూ గళ్ళున్న అట్టముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఫోను దానికి చూపించి, నాలుగో ఆరో అంకెలు నొక్కితే చాలు. ఇక్కడ తీసినది అక్కడ చేరినట్టు పక్కనున్న పెట్టె తెలుగులో గట్టిగా చెబుతుంది కూడాను. పులివెందులలో చదువుకునే పిల్లవాడికైనా, ఢిల్లీలో అరటికాయల వర్తకుడికైనా రెప్పపాటే.

దీన్ని గురించి పత్రికల్లో రాసేదంతా ఆ రెప్పపాటు గురించే. బాగానే ఉంది. కాని ఇల్లు నడిపే మీకూ నాకూ ఇంకో ప్రశ్న ఉండాలి కదా! రెప్పపాటులో వచ్చిన ఆ లెక్క ఇంట్లో ఎవరి చేతికి వచ్చింది? డబ్బు ఊరు దాటే దారి మన దేశంలో ఎన్నిసార్లు మారిందో, మారినప్పుడల్లా ఆడమనిషి చేయి దానికి ఎంత దగ్గరయిందో, ఎంత దూరమయిందో చూద్దామని ఈ ప్రసంగం తయారు చేశాను. రేడియోలో పది నిమిషాలే దొరికింది గనుక అక్కడ వదిలేసిన సంగతులు కొన్ని ఇక్కడ చేర్చాను.

పూర్వం ఊరు దాటి డబ్బు పంపడమంటే పెద్ద గండం. అప్పటి వెండి రూపాయి తులం బరువు. నూరు రూపాయలంటే కిలోకు పైమాటే. అంత బరువు మూటగట్టి బండిలో పంపితే దారిలో దొంగలకు అప్పజెప్పినట్టే. అందుకని వర్తకులు హుండీలు రాసుకునేవారు. ఒక ఊరి షాహుకారు దగ్గర సొమ్ము కట్టి కాగితం రాయించుకుంటే, ఇంకో ఊళ్ళో అతని మనిషి ఆ కాగితం చూసి సొమ్ము చెల్లించేవాడు. చూపగానే చెల్లించవలసినది దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించేది ముద్దతీ హుండీ. ప్రభుత్వం వేసిన దారి కాదు ఇది, నమ్మకం మీద నడిచిన దారి. కాని ఆ నమ్మకం వర్తకుడికీ వర్తకుడికీ మధ్య ఉండేదే గాని మామూలు సంసారికి అందేది కాదు, ఇంక ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది? మనవాళ్ళకు తెలిసిన బ్యాంకల్లా ఒంటిమీది బంగారమే. ప్రొద్దుటూరులో ఇవాళ్టికీ అన్ని నగల అంగళ్ళు వరసగా ఉన్నాయంటే, దాని వెనక మన ఆడవాళ్ళ దాచుకునే తెలివి కూడా ఉందని నేననుకుంటాను. నగ తన పేరు మీద ఉన్నట్టు కాగితం అక్కరలేదు, మెడలో ఉంటే చాలు.

1880 జనవరి 1న తపాలా శాఖ మనియార్డరు మొదలుపెట్టింది. ఇది మాత్రం నిజంగా పెద్ద మార్పు. ఈ రోజు ఫోనులో జరిగేదాన్ని చూసి అబ్బురపడేవాళ్ళు మనియార్డరు ఎలా నడిచేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. పంపేవాడు తన ఊరి పోస్టాఫీసులో డబ్బు కట్టి ఫారం నింపేవాడు. డబ్బు కదిలేది కాదు, ఫారమే కదిలేది. ఇక్కడి పోస్టాఫీసు తన దగ్గరున్న నగదులోంచి ఆ మొత్తం తీసి తపాలా బంట్రోతు చేతికిచ్చేది. అతను ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, గడప దగ్గర నిలబడి, ఎవరి పేరున వచ్చిందో వాళ్ళనే పిలిచి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చి సంతకం తీసుకునేవాడు. సంతకం రాకపోతే వేలిముద్ర, దానికి పక్కన సాక్షి సంతకం. ముట్టినట్టు రసీదు తిరిగి పంపినవాడికి వెళ్ళేది. ఫారం అడుగున చిన్న కూపను ముక్క ఉండేది. నాలుగు మాటలు రాసుకునే చోటు అంతే. 'వానలు పడినాయా? చిన్నోడిని బడికి పంపు' అని రాయడానికి సరిపోయేది. ఆ ముక్కలను ఇనప్పెట్టెలో దాచుకున్న వాళ్ళున్నారు, కొందరి ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

వాన లేని సీమ మనది. పటాలంలో చేరినవారూ, బళ్ళారికీ బెంగుళూరుకూ పనికి పోయినవారూ ఇంటికి డబ్బు పంపింది ఎక్కువగా ఈ దారినే. పంపడానికి కమిషను ఉండేది, అది తక్కువేమీ కాదు. ఆఖరి రోజుల్లో ఇరవై రూపాయలకు ఒక రూపాయి లెక్కన, అంటే నూరుకు ఐదు. కూలివాడి నూరులో ఐదు పోవడం అన్యాయమే. అయినా ఒక సంగతి మాత్రం చెప్పుకోవాలి. పెళ్ళాం పేరున పంపితే డబ్బు పెళ్ళాం చేతికే రావాలి. బంట్రోతు వెళ్ళిపోయాక అత్తగారు తీసుకుంటే అది వేరే సంగతి. కనీసం ఆ ఒక్క నిమిషం నోట్లు ఆమె చేతిలో ఉండేవి, ఎంత వచ్చిందో ఆమెకు తెలిసేది, ఆమె వేలు పడనిదే కాగితం చెల్లేది కాదు. అక్షరం రాని ఆడమనిషి వేలికి ఒక ప్రభుత్వ కాగితం మీద విలువ కట్టింది బహుశా మా పల్లెల్లో మొదట మనియార్డరే. ఆ పాత పద్ధతి మనియార్డరు 2015లో ఆగిపోయింది.

ఇక బ్యాంకులు. 1969 జులై 19న పధ్నాలుగు పెద్ద బ్యాంకులను ప్రభుత్వం జాతీయం చేసింది. అవి పల్లెలకు రావాలన్నారు, కొన్ని వచ్చాయి. పల్లెల కోసమే ప్రత్యేకంగా 1975లో గ్రామీణ బ్యాంకుల పథకం పుట్టింది. 1976లో సిండికేట్ బ్యాంకు పూనికతో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు వెలిసింది. అదే 2006లో మరో రెంటితో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది, 2025 మేలో రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మా ముసలివాళ్ళకు మాత్రం ఇప్పటికీ అది 'గ్రామీణ బ్యాంకే', ముందు ఏ పేరు చేర్చినా వాళ్ళకు పట్టదు.

కాని బ్యాంకులో ఖాతా తెరవాలంటే ఆ రోజుల్లో అప్పటికే ఖాతా ఉన్న మనిషి పరిచయ సంతకం పెట్టాలి. ఇంటి ఆడమనిషిని బ్యాంకుకు పరిచయం చేసేది ఎవరు? భర్త, లేకపోతే తండ్రి, లేకపోతే ఊరి పెద్దమనిషి. మనియార్డరు గడప దాకా వచ్చేది, బ్యాంకు దగ్గరికి మనం పోవాలి. ఊరు దాటి డబ్బు పంపాలంటే డిమాండ్ డ్రాఫ్టు తీసి, రిజిస్టరు పోస్టులో పంపి, అవతలివాళ్ళు బ్యాంకులో వేసి, అది తేలేదాకా కాచుకోవాలి. ఆడవాళ్ళు గుంపుగా బ్యాంకు మెట్లెక్కింది డ్వాక్రా వచ్చిన తర్వాతే. 1982లో మొదలైన ఆ పథకం మన రాష్ట్రంలో ఊపందుకున్నది 1990లలో. వారానికింత పొదుపు, సంఘం పేరున ఖాతా, తీర్మానం రాసి నాయకురాళ్ళు పెట్టే సంతకాలు. 'సంఘం లెక్క' అని మావాళ్ళు అంటే అందులో డబ్బూ ఉంది, పుస్తకంలో రాసుకునే లెక్కా ఉంది.

ఇక్కడినుంచి కథ మిషన్లలోకి పోతుంది. చిత్రమేమిటంటే ఈ భాగంలో మన తెలుగువాళ్ళ వంతు చాలా ఉంది. బ్యాంకులను తీగలతో కలపడానికి రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో ఐడీఆర్‌బీటీ అనే సంస్థను పెట్టింది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే ఏర్పాటు, నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్చి, 2004లో ఆ సంస్థ దగ్గరే మొదలయింది. 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న వై.వి. రెడ్డిగారు మన పాత కడప జిల్లా పాటూరు గ్రామంలో పుట్టినవారు. ఆయన హయాంలోనే 2004 మార్చిలో ఆర్‌టీజీఎస్, 2005 నవంబరులో నెఫ్ట్ వచ్చాయి. ఈ రెంటినీ రిజర్వు బ్యాంకు తానే నడుపుతుంది. మొదటిది పెద్ద మొత్తాలకు, ఒక్కో చెల్లింపు విడిగా అప్పటికప్పుడే తేలిపోతుంది. రెండోది చిన్న మొత్తాలకు, కొన్ని చెల్లింపులను మూటగట్టి విడతలుగా తేలుస్తారు. బస్సు నిండితే కదిలినట్టన్నమాట. చెల్లింపుల వ్యవస్థలు ఎవరు నడపాలన్నా రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాలన్న చట్టం కూడా 2007లో ఆయన కాలంలోనే అయింది. ఇదంతా ఒక్కరు చేసిన పని అని నేననను. కాని పాటూరు నుంచి పోయినాయన బొంబాయిలో కూర్చుని ఉండగా ఈ దారులు పడ్డాయని తెలిస్తే మా వైపు పిల్లలకు కొంత హుషారుగా ఉంటుంది.

నెఫ్ట్‌కు చాలా ఏళ్ళు పనివేళలూ సెలవులూ ఉండేవి. శనివారం సాయంత్రం ఆసుపత్రిలో డబ్బు కట్టవలసివస్తే సోమవారం దాకా ఆగాల్సిందే. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ రాత్రింబవళ్ళు నడుస్తున్నాయి.

వై.వి. రెడ్డిగారి తర్వాత గవర్నరైన దువ్వూరి సుబ్బారావుగారూ తెలుగువారే. ఆయన వచ్చిన ఏడాదే, 2008 డిసెంబరులో, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఏర్పడింది. రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం కలిసి పూనుకుంటే బ్యాంకులు వాటాలు పెట్టిన సంస్థ ఇది. హైదరాబాదు స్విచ్చి దీని చేతికి పోయింది. 2010 నవంబరులో ఐఎంపీఎస్ తెచ్చారు. ఏ రోజైనా, ఏ వేళైనా, వెంటనే చేరే చెల్లింపు మన దేశంలో అప్పుడే మొదలయింది. కాని దానికి ఏడంకెల గుర్తో, ఖాతా నంబరుతోపాటు బ్యాంకు శాఖ పదకొండక్షరాల కోడో కావాలి. ఇవన్నీ గుర్తుపెట్టుకుని ఎవరు పంపుతారు?

ఆ చిక్కు విప్పినదే యూపీఐ. 2016 ఏప్రిల్ 11న అప్పటి గవర్నరు రఘురామ్ రాజన్ బొంబాయిలో ప్రారంభించారు. ఖాతా నంబరుకు బదులు ఒక చిన్న పేరు గాని, ఫోను నంబరు గాని, గళ్ళ బొమ్మ గాని చాలు. మీరు అంకెలు నొక్కగానే కబురు కార్పొరేషన్ స్విచ్చికి పోతుంది, అది మీ బ్యాంకును తీసుకొమ్మంటుంది, అవతలి బ్యాంకును వెయ్యమంటుంది. బ్యాంకులు తమలో తాము తేల్చుకునేది తర్వాత, రిజర్వు బ్యాంకు పుస్తకాల్లో, రోజుకు కొన్ని విడతలుగా. మనియార్డరు గుర్తుందా? అక్కడా డబ్బు కదలలేదు, కబురే కదిలింది. పోస్టాఫీసుల మధ్య లెక్క తర్వాత తేలేది. మూల సూత్రం అదే, ఫారం సైకిలు మీద రావడం మానేసింది.

అయితే యూపీఐని నడిపేది రిజర్వు బ్యాంకు కాదు, దాని పర్యవేక్షణ కింద ఉన్న కార్పొరేషను. బ్రెజిల్‌లో వేరు. అక్కడ 2020 నవంబరులో వచ్చిన 'పిక్స్'ను కేంద్ర బ్యాంకు తానే కట్టి తానే నడుపుతోంది. ఐదు లక్షలకు పైగా ఖాతాలున్న సంస్థలు అందులో చేరితీరాలన్నారు, మామూలు మనిషి పంపుకుంటే రుసుము లేదన్నారు. ఇక్కడా 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపు మీద అంగడివాడి దగ్గర బ్యాంకు రుసుము పట్టకూడదన్నారు. నూరుకు ఐదు పోయే రోజుల నుంచి ఇక్కడికి వచ్చాం, అది చిన్న సంగతి కాదు.

2016లో యూపీఐని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటన వచ్చింది. చలామణిలో ఉన్న నోట్ల విలువలో నూటికి 86 వంతులు ఆ నోట్లే. బ్యాంకుల ముందు వరసలు, చేతులకు సిరా గుర్తులు, ఇవన్నీ మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు ఇళ్ళల్లో ఏం జరిగిందో మాత్రం చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా రాయలేదు.

మనందరికీ దాపుడు డబ్బు ఉండేది. కందిపప్పు డబ్బా అడుగున, పాత పట్టుచీర మడతలో, ఆకువక్క తిత్తిలో, దేవుడి పటం వెనక. అది దొంగసొమ్ము కాదు. కూరగాయల్లో మిగిల్చినది, పాలు పోసినది, పుట్టింటివాళ్ళు పండక్కి చేతిలో పెట్టినది. చిల్లర ఎక్కువైతే చోటు చాలదని అంగట్లో ఇచ్చి ఐదువందల నోటుగా మార్చుకుంటాం కదా, సరిగ్గా ఆ నోట్లే చెల్లకుండా పోయాయి. డిసెంబరు 30 లోపల బ్యాంకులో వెయ్యాలి. ఖాతా లేనివాళ్ళు భర్తకో కొడుక్కో చెప్పి వాళ్ళ ఖాతాలో వేయించాలి. అంటే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియనిది ఒక్క వారంలో బయటపడింది.

"ఇన్ని దినాలు నాకు చెప్పకుండా ఇంత లెక్క యాడ పెట్టినావే?" అని మొగుడు అరిస్తే, "పాప కాన్పుకని పెట్టినా" అన్న ఇల్లాలి గొంతు మా వీధిలోనే కాదు, ప్రతి వీధిలోనూ వినిపించింది. కొన్ని ఇళ్ళల్లో నవ్వుకున్నారు. కొన్ని ఇళ్ళల్లో ఆ డబ్బు బ్యాంకుకు పోయింది గాని తిరిగి డబ్బాలోకి రాలేదు, తాగుడుకు పోయిన ఇళ్ళూ ఉన్నాయి. గృహిణులు రెండున్నర లక్షల లోపల వేసుకుంటే ఆదాయపు పన్నువాళ్ళు అడగరని ప్రభుత్వం చెప్పింది. పన్నువాళ్ళు అడగరు సరే, ఇంట్లో అడిగినదాన్ని ఎవరు ఆపగలరు?

ఆ తర్వాత ఫోను చెల్లింపులు ఒక్కసారి పెరిగాయి. అప్పటి మన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారి ఆధ్వర్యంలో ముఖ్యమంత్రుల కమిటీ ఒకటి వేసి, నగదు లేని చెల్లింపుల మీద నివేదిక కూడా ఇప్పించారు. 2019 అక్టోబరులో దేశం మొత్తం మీద యూపీఐ చెల్లింపులు మొదటిసారి నెలకు నూరు కోట్లు దాటాయి. 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు, 2025 ఆగస్టులో రెండువేల కోట్లు దాటాయి. మధ్యలో వచ్చిన కరోనా, నోటు ముట్టుకోవడానికే భయపడేలా చేసి, దీన్ని మరికొంత ముందుకు నెట్టింది.

ఇంత పెద్ద లెక్కలో ఆడవాళ్ళ వంతు ఎక్కడుంది? యూపీఐ ఎలా తెరుచుకుంటుందో కొంచెం వివరంగా చూడాలి. ఖాతా ఎవరి పేరునైనా ఉండవచ్చు. ఆ ఖాతాకు బ్యాంకులో ఏ ఫోను నంబరు రాసి ఉందో, ఆ సిమ్ము ఉన్న ఫోనులోనే యూపీఐ తెరుచుకుంటుంది. రహస్యపు అంకెలు, అంటే పిన్ను, పెట్టుకోవడానికి ఏటీఎం కార్డు మీది ఆఖరి ఆరంకెలు, కార్డు గడువు, ఆ నంబరుకు వచ్చే ఓటీపీ చాలు, లేదా ఆధార్‌తో పెట్టుకోవచ్చు. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు తెరిచినప్పుడు మనలో ఎంతమందికి సొంత ఫోను ఉంది? "నంబరు చెప్పమ్మా" అంటే కొడుకు నంబరో మొగుడి నంబరో చెప్పాం. ఖాతా అమ్మది, తాళంచెవి కొడుకుది. అమ్మ కార్డు కూడా బీరువాలో అందుబాటులో ఉంటే, అమ్మ వేలు కదపకుండానే ఆ తాళం తెరుచుకుంటుంది. మనియార్డరు ఆమె వేలు లేకుండా చెల్లేది కాదని ఇందాక చెప్పాను, అక్కడికీ ఇక్కడికీ ఉన్న తేడా ఇదీ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగారు. తామే వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్నవారు నూటికి 79 మంది. తామే వాడుకునే ఫోను ఉన్నవారు 54 మంది. ఈ రెండంకెల మధ్య ఉన్న పాతికమంది సంగతే నేను చెబుతున్నది. యాభై దాటిన మా ఈడు దాటినవాళ్ళను ఆ లెక్కలో అడగనేలేదు.

మా బస్టాండు వైపు పోతే పూలమ్మే ఆమె గంప మీద కూడా గళ్ళ అట్ట ఉంది. మూర మల్లెలు కొని ఫోను చూపిస్తే పెట్టె అరుస్తుంది. ఆమె మాత్రం ఆ అరుపుకు మొహం తిప్పదు. "అది మావాడి ఖాతాకు పోతాదమ్మా, వాడు సాయంత్రం పూలకు ఇస్తాడు" అంటుంది. ఆ కొడుకు మంచివాడే కావచ్చు. కాని ముందు రోజుల్లో ఆ పది రూపాయలు ఆమె నడుముకున్న సంచిలో పడేవి. అరటితోటల్లో గెలలు మోసే కూలీలకూ అంతే, మేస్త్రీ అందరి కూలీ కలిపి ఒకరిద్దరి ఫోన్లకు వేస్తాడు. ఆ ఫోన్లు మొగవాళ్ళవి.

ముసలివాళ్ళ పింఛను సంగతి చూడండి. మన రాష్ట్రంలో 2020 నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన ఇంటికే తెచ్చి నగదు ఇచ్చేవారు. 2024 ఎన్నికలప్పుడు నియమావళి వల్ల ఆ ఏర్పాటు ఆగింది. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. దారి వేగమైనదే, లెక్క ఖాతాకు చేరింది. కాని ఏళ్ళుగా తెరవక మూతపడ్డ ఖాతాలు కొన్ని, ఏ బ్యాంకులో ఉందో గుర్తులేనివి కొన్ని. మే నెల ఎండలో అవ్వలు, తాతలు బ్యాంకుల ముందు బారులు తీరారు. జులై నుంచి సచివాలయ సిబ్బంది చేత మళ్ళీ ఇంటికి పంపడం మొదలుపెట్టారు. రెప్పపాటులో డబ్బు పంపగల రాష్ట్రం, అవ్వ చేతికి ఇవ్వడానికి మనిషిని గడపకు పంపుతోంది. దీన్ని వెనకబాటు అనేవాళ్ళున్నారు, నేను అనను.

వేలిముద్ర కూడా ఒక విధంగా తిరిగొచ్చింది. ఆధార్‌కు కట్టిన ఖాతా ఉంటే చిన్న మిషను మీద వేలు పెట్టి నగదు తీసుకోవచ్చు. 2018 సెప్టెంబరులో మొదలైన తపాలా శాఖ వారి పేమెంట్స్ బ్యాంకు వచ్చాక ఆ మిషను తపాలా ఉద్యోగి చేతిలోనే ఇంటికి వస్తోంది. ఫోనూ పిన్నూ అక్కరలేదు. రెక్కల కష్టంతో వేలి గీతలు అరిగిపోయినవాళ్ళకు మిషను ఒప్పుకోదు, అదొక్కటే చిక్కు.

పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇంటిపనులకు కువైట్ పోయిన ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళ కష్టం మీద ఇక్కడ మిద్దెలు లేచాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళు అక్కడి ఫోను నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో పది దేశాల పేర్లు ప్రకటించారు. అందులో అమెరికా ఉంది, సింగపూరు ఉంది, సౌదీ, ఖతార్, ఒమాన్ ఉన్నాయి. కువైట్ పేరు లేదు. ఆ జాబితా చదివిన రోజు నాకు ఆ తల్లులే గుర్తొచ్చారు. పంపినప్పుడు కూడా ఎవరి ఖాతాకు పంపాలన్నది వాళ్ళకు పెద్ద బెంగ. తన పేరున ఇక్కడ ఖాతా ఉండి, దాని తాళం తన చేతిలో ఉన్న ఆమె తిరిగొచ్చాక తన కష్టం చూసుకోగలుగుతుంది. లేనివాళ్ళు కట్టిన ఇంట్లోనే పరాయివాళ్ళయిన కథలు మన జిల్లాలో కొత్తవి కావు.

2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటులో, ఒకరి ఖాతా నుంచి ఇంట్లో ఇంకొకరు తమ ఫోనుతో చెల్లించవచ్చు. ఖాతాదారు ముందే హద్దు పెట్టి వదిలెయ్యవచ్చు, లేదా ప్రతి చెల్లింపుకూ తాను ఒప్పుకోవచ్చు. ముసలి తల్లిదండ్రులకు మంచిదే. ఇల్లాలు ఉప్పు పొట్లం కొన్నప్పుడల్లా పొలంలో ఉన్న మొగుడి ఫోను మోగి, అతను సరేనంటే గాని చెల్లకపోవడం మాత్రం నాకు ముచ్చటగా లేదు.

ఇక మీ చేతిలో ఉన్న సంగతులు. మామూలు బటన్ల ఫోనుంటే చాలు, 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే ద్వారా ఇంటర్నెట్టు లేకుండా పంపవచ్చు. డబ్బు మీకు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కరలేదు. "పిన్ను నొక్కండి, మీకు డబ్బు పడుతుంది" అని ఎవరైనా ఫోను చేస్తే వాడు దొంగే. ఫోనులో డబ్బు అడిగే చీటీ పంపి మోసం చెయ్యడం మితిమీరిపోయి, మనిషికీ మనిషికీ మధ్య ఆ పద్ధతిని 2025 అక్టోబరు నుంచి ఆపేశారు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఖాతాకు రాసి ఉన్న నంబరు మార్చుకోవడం కష్టమైన పనేమీ కాదు. మీ పాసుపుస్తకం, ఆధార్ కాగితం, మీ సొంత సిమ్ము ఉన్న ఫోను తీసుకుని ఖాతా ఉన్న శాఖకు మీరే స్వయంగా పోవాలి. 'మొబైలు నంబరు మార్పు' అని అర్జీ ఇచ్చి సంతకమో వేలిముద్రో పెడితే సరిపోతుంది. కొత్త నంబరుకు కబురు వచ్చాక పాత పిన్ను వదిలి కొత్తది పెట్టుకోవాలి, పుట్టినరోజు అంకెలు మాత్రం వద్దు, అవి ఇంట్లో అందరికీ తెలుసు. మా పొదుపు సంఘంలో పాసుపుస్తకాలు ముందేసుకుని చూసుకుంటే చాలామందివి కొడుకుల నంబర్లే ఉన్నాయి. వచ్చే సోమవారం నలుగురైదుగురం కలిసి ఆ పని మీదే బ్యాంకుకు పోతున్నాం.